బీల్ స్థావరం, బ్లాక్‌బర్డ్: ఒక ఫ్లైట్ సిమ్యులేటర్ ప్యాకేజీ సమీక్ష

ఎస్‌ఆర్-71 బ్లాక్‌బర్డ్ నిఘా విమానాన్ని ఫ్లైట్ సిమ్యులేటర్లలోకి, అంటే కంప్యూటర్‌లో విమానం నడిపే ప్రోగ్రాముల్లోకి, తెచ్చే ప్రయత్నాలు కొత్తవేమీ కావు గానీ, వాటిలో ఎక్కువ భాగం విమానాన్ని చేతికిచ్చి, ఎక్కడి నుంచి ఎగరాలో మన ఇష్టానికి వదిలేశాయి. ఒక చిన్న బృందం రూపొందించిన ఈ ప్యాకేజీ మాత్రం, 1966 నుంచి 1990 వరకు ఆ విమానాలకు నిలయమైన కాలిఫోర్నియాలోని బీల్ వైమానిక స్థావరాన్ని కూడా కలిపి ఇస్తోంది. ఆలోచన సరైనదే. తనంతట తానుగా ఇంజన్ స్టార్ట్ చేసుకోలేని, జేపీ-7 అనే ప్రత్యేక ఇంధనం మీద ఆధారపడిన, గాలిలోనే ఇంధనం నింపే ట్యాంకర్ విమానం తోడు లేనిదే ఎక్కువ దూరం పోలేని విమానాన్ని దాని స్థావరం నుంచి విడదీసి చూపితే సగమే చూపినట్టు. అందుకే ఈ రెండూ ఒకదానికొకటి ఎంతవరకు అతికాయన్నదే నేను ప్రధానంగా పరిశీలించాను.

అతికిన చోట పనితనం ముచ్చట గొలుపుతుంది. ఇరువైపులా తెరుచుకునే షెడ్డులో విమానం నిలబడి ఉంటే, దాని కడుపు కింద నేల మీద ఇంధనం చుక్కలు చుక్కలుగా కారి తడి మరకలు కడుతుంటుంది. ట్యాంకుల అతుకులకు పూసిన సీలెంట్ ప్రతి ప్రయాణంలోనూ తీవ్రమైన వేడికి గురై దెబ్బతినేది కనుక అసలు విమానంలోనూ ఈ కారుడు మామూలే. జేపీ-7 అగ్గిపుల్ల గీసినా అంత తేలిగ్గా అంటుకోదు. దాన్ని వెలిగించడానికి, గాలి తగలగానే మండిపోయే ట్రైఈథైల్ బోరేన్‌ను ఇంజన్‌లోకి కొద్దిగా చిమ్ముతారు. రెండు బ్యూక్ వి8 కారు ఇంజన్లు అమర్చిన, విమానం ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే బండి (స్టార్ట్ కార్టు) షెడ్డు దద్దరిల్లేలా గర్జించడం, విమానపు జే58 ఇంజన్ మెల్లగా వేగం పుంజుకోవడం, థ్రాటిల్ జరపగానే వెనుక నాజిల్‌లో ఆకుపచ్చ మెరుపు ఒక్క క్షణం కనిపించి పోవడం, ఇదంతా శబ్దంతో సహా ఎంతో శ్రద్ధగా చేశారు. టైర్ల రబ్బరులో కలిపిన అల్యూమినియం పొడి వల్ల వచ్చే వెండి రంగును కూడా మరిచిపోలేదు.

ఒక్కో ఇంజన్‌కు దాదాపు 16 సార్లకు సరిపడా ట్రైఈథైల్ బోరేన్ మాత్రమే ఉంటుంది, ఇంజన్ వెనుక అదనంగా ఇంధనం మండించి తోపు పెంచే ఆఫ్టర్‌బర్నర్‌ను వెలిగించిన ప్రతిసారీ అందులో ఒకటి ఖర్చవుతుంది. ప్యాకేజీ ఈ లెక్కను కచ్చితంగా అమలు చేస్తుంది కాబట్టి సరదాకి ఆఫ్టర్‌బర్నర్‌ను వెలిగిస్తూ ఆర్పుతూ పోయినవారికి, తర్వాత ఆకాశంలో ఇంజన్ ఆగిపోతే గతి ఉండదు.

అసలు విషయం మ్యాక్ 1.6 (ధ్వని వేగానికి 1.6 రెట్లు) దాటిన తర్వాత మొదలవుతుంది. అప్పటిదాకా ముందుకు లాక్ అయి ఉన్న, ఇంజన్ల గాలి ద్వారాల్లోని శంకువుల్లాంటి స్పైక్‌లు అక్కడి నుంచి వెనక్కి జరుగుతూ, మ్యాక్ 3.2కు చేరేసరికి సుమారు 26 అంగుళాలు లోపలికి పోయి, షాక్ తరంగాన్ని గాలి ద్వారంలో ఉండవలసిన చోట నిలుపుతాయి. ఆ తరంగం బయటికి తన్నుకొస్తే, పైలట్లు ‘అన్‌స్టార్ట్’ అని పిలిచే పరిస్థితి ఏర్పడి, విమానం ముక్కు ఆ ఇంజన్ వైపుకు ఒక్కసారిగా విసిరినట్టు తిరుగుతుంది. ఇక్కడ దాన్ని ఉత్తుత్తి కుదుపుగా సరిపెట్టలేదు. స్పైక్‌ను చేత్తో నడిపి, అదనపు గాలిని బయటికి వదిలే బైపాస్ తలుపులు ఆలస్యంగా తెరిస్తే వచ్చే ఫలితాన్ని అనుభవించక తప్పదు. ధ్వని వేగాన్ని దాటడానికి వాడే ‘డిప్సీ డూడుల్’, అంటే సుమారు 33,000 అడుగులకు ఎక్కి, కొంచెం కిందికి దూకి, మళ్లీ ఎక్కే పద్ధతి, ఇందులో నిజంగానే ఇంధనం ఆదా చేస్తుంది. మ్యాక్ 3.2 దగ్గర 30 డిగ్రీల వాలుతో తిరిగితే మలుపు వ్యాసార్ధం 150 కిలోమీటర్లు దాటుతుంది. దారి ముందే గీసుకోని వారికి గమ్యం వెనకబడిపోతుంది.

ఇంత చేసినవారు వెనుక సీటును ఎందుకు గాలికి వదిలేశారో అర్థం కాదు. నిఘా వ్యవస్థల అధికారి కూర్చునే ఆ కాక్‌పిట్‌లో సగం మీటలు బొమ్మలే. పట్టపగలు కూడా నక్షత్రాలను గుర్తించి దారి సరిచూసుకునే నావిగేషన్ వ్యవస్థ ఒక మెనూలో నొక్కే బటన్‌గా మిగిలింది. కెమెరాలు అసలే లేవు. నిఘా విమానం అని పేరు పెట్టి, ఒక్క ఫోటో తీసే వీలు కూడా లేకపోవడం వింతే.

స్థావరం విషయంలో పెద్ద లోపం కాలం తికమక. 12,000 అడుగుల పొడవు, 300 అడుగుల వెడల్పు ఉన్న 15/33 రన్‌వే, ట్యాక్సీవేలు, షెడ్ల వరుస కొలతల్లో సరిగ్గా ఉన్నాయి. కానీ నేల చిత్రం ఇప్పటి ఉపగ్రహ ఫోటో కావడంతో, 1976 నాటి రంగులు వేసిన విమానం పక్కన 2004లో గానీ బీల్‌కు రాని గ్లోబల్ హాక్ డ్రోన్ నిలబడి ఉంటుంది. 1980లో పనిలోకి వచ్చిన పేవ్ పాస్ అనే క్షిపణి హెచ్చరిక రాడార్ భవనం ఏ సంవత్సరం ఎంచుకున్నా కనిపిస్తుంది. ఉండవలసిన కేసీ-135క్యూ ట్యాంకర్లు మాత్రం ఒక్కటీ కానరావు. జేపీ-7 మోసుకెళ్లిన ఆ విమానాలే లేకపోతే బ్లాక్‌బర్డ్ కథే లేదు. గాలిలో ఇంధనం నింపుకోవడం కూడా ఇక్కడ ఎదురుగా ఎవరూ లేకుండానే, కీబోర్డు మీట నొక్కగానే జరిగిపోతుంది. నిండు ట్యాంకుల బరువుతో వెనకబడకుండా ఉండటానికి ఒక్క ఆఫ్టర్‌బర్నర్ వెలిగించి ట్యాంకర్‌ను అంటిపెట్టుకునే కష్టమైన ఘట్టం దీనివల్ల పూర్తిగా పోయింది.

సెకనుకు ఒక కిలోమీటరుకు దగ్గరగా దూసుకుపోతుంటే కింది భూభాగం లోడ్ కావడం వెనకబడుతుంది, అయితే 80,000 అడుగుల నుంచి అది పెద్దగా బాధించదు. షెడ్ల దగ్గర మాత్రం ఫ్రేమ్ రేటు (సెకనుకు తెరపై మారే చిత్రాల సంఖ్య) బాగా పడిపోతుంది. నీడల నాణ్యత ఒక మెట్టు తగ్గించాక కుదుటపడింది. దిగిన వెంటనే విచ్చుకునే 40 అడుగుల నారింజ రంగు పారాచూట్ గాలివాలును బట్టి ఊగడం చూడముచ్చటగా ఉంది.

విమానం కోసమే అయితే ఈ ప్యాకేజీని నిస్సందేహంగా కొనవచ్చు. బీల్ స్థావరం కోసం కొనదలచినవారు, ఒక కాలానికి కట్టుబడిన భవనాలూ ట్యాంకర్లూ వచ్చే దాకా ఆగడం మేలు.