కొత్త ఇంటి గోడల్లో నెట్ తీగ: క్యాట్ 6 మేలా, క్యాట్ 6ఎ మేలా, ఫైబర్ మేలా?

బరంపురంలో మా బంధువుల్లో ఎవరు మేడ మీద గది వేసినా ఈ మధ్య నన్ను ఒకే మాట అడుగుతున్నారు: గోడలకు పూత పూయకముందే నెట్ తీగ వేయించుకోవాలి, ఏది వేయించమంటారు? ఇక్కడి పాత వీధుల్లోని ఇళ్లు చాలావరకు వీధి గుమ్మం నుంచి పెరటి దాకా గది వెనుక గదిగా పొడుగ్గా సాగుతాయి కనుక, వీధిగదిలో పెట్టిన రౌటర్ వైఫై మూడు నాలుగు గోడలు దాటేసరికి సన్నగిల్లిపోతుంది. అందుచేత తీగ కావాలా వద్దా అన్న మీమాంస ఎవరికీ లేదు.

క్యాట్ అంటే కేటగిరీ, రాగి నెట్ తీగల తరగతి; ఫైబర్ అంటే వెలుగుతో సమాచారం పంపే గాజు పోగు. వేగం మాటకొస్తే, పాత తరగతి క్యాట్ 5ఇ తీగ 100 మీటర్ల దాకా సెకనుకు 1 గిగాబిట్‌ను, అంటే 1000 మెగాబిట్లను, మోస్తుంది. 2016లో వచ్చిన ప్రమాణంతో 2.5 గిగాబిట్లకూ పనికొస్తుంది. క్యాట్ 6 అయితే 10 గిగాబిట్లను సుమారు 55 మీటర్ల దాకా, పక్కన మరిన్ని తీగలు కట్టగా ఉంటే 37 మీటర్ల దాకా తీసుకువెళుతుంది. క్యాట్ 6ఎ అదే వేగాన్ని పూర్తి 100 మీటర్లు మోస్తుంది గానీ, లావుగా, బిరుసుగా ఉండి పైపు మలుపుల్లో లాగడానికి మిస్త్రీని ఏడిపిస్తుంది. మా ఇంట్లో అన్నిటికంటే పొడవైన తీగ, మేడ మెట్ల ఎత్తు కలుపుకున్నా, 30 మీటర్లు దాటలేదు. అందుకే నేను క్యాట్ 6 దగ్గరే ఆగాను.

అయితే నా దృష్టిలో అసలు తేడా ఈ అంకెల్లో లేదు, లోపలి లోహంలో ఉంది. నాలుగేళ్ల క్రితం మా మేడ గదికి మిస్త్రీ తెచ్చిన తీగ మీద క్యాట్ 6 అనే అచ్చువేసి ఉంది, ధర చవక, లోపలి లోహం చూడ్డానికి రాగిలా ఎర్రగానే ఉంది. ఏడాది తిరగకముందే గిగాబిట్ రావలసిన చోట 100 మెగాబిట్లే రావడం మొదలైంది. గోడలోని సాకెట్ విప్పి చూస్తే, లోపల జతలు జతలుగా మెలిపెట్టి ఉండే ఎనిమిది సన్న తీగల్లో గోధుమరంగు జతలోది ఒకటి జాకు దగ్గర పుటుక్కున విరిగి ఉంది. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్లకు రెండు చాలు; అందుకే నెట్ పూర్తిగా ఆగిపోకుండా నీరసించింది. విరిగిన కొసను బ్లేడుతో గీరితే ఎర్రటి పైపొర కింద తెల్లటి అల్యూమినియం మెరిసింది. అల్యూమినియానికి విద్యుత్ నిరోధం రాగి కంటే సుమారు 1.6 రెట్లు ఎక్కువ కనుక, అదే తీగ గుండా కెమెరాకు కరెంటు పంపితే వేడెక్కే ప్రమాదం కూడా ఉంది. గోడ మళ్లీ పగలగొట్టించిన ఖర్చుతో పోలిస్తే అసలు రాగికీ దీనికీ ఉన్న ధర తేడా ఏపాటిదీ కాదు. కాబట్టి కొట్లోనే కొస గీరి చూడండి. గీరనివ్వని కొట్టు నుంచి లేచి రండి. మొత్తం 305 మీటర్ల పెట్టె కొంటున్నట్లయితే ఎత్తి చూసినా తెలిసిపోతుంది, రాగి పెట్టె స్పష్టంగా బరువుగా ఉంటుంది.

ఫైబర్‌ను నేను ఒక్కచోట మాత్రం రాగి కంటే ముందు పెడతాను. పెరడు దాటి వేరుగా కట్టిన గదికి ఆరుబయట తీగ లాగవలసి వస్తే, వైశాఖంలో సాయంత్రం పూట విరుచుకుపడే గాలివానలను, పిడుగులను తలచుకోవాలి. దగ్గరలో పిడుగు పడితే రాగి తీగలో పుట్టే విద్యుత్తు రెండు కొసల్లోని పరికరాలనూ కాల్చివేయగలదు. గాజు పోగుకు ఆ గొడవ లేదు. కాకపోతే ఊతానికి ఇనుప తీగ పెట్టిన రకాలు కూడా అమ్ముతారు, అవి కాకుండా లోహం లేనిదే అడిగి తీసుకోవాలి. రెండు కొసలకూ వెలుగును, విద్యుత్ సంకేతాన్ని ఒకదాన్నొకటిగా మార్చే కన్వర్టర్ కావాలి, కెమెరాకు కరెంటు విడిగా ఇవ్వాలి. ఆ ఖర్చు ఇంటి లోపలి గదుల మధ్య దండగ.

కరెంటు వైర్ల గుండానే నెట్ పంపే అడాప్టర్లు అద్దె ఇళ్లవారికి సరిపోతాయి, అంతే.

ఏది ఎంచుకున్నా కరెంటు వైర్లున్న పైపులో దీన్ని దూర్చనివ్వకండి. వేరే పైపు వేయించి, తీగతోపాటు గట్టి నైలాన్ తాడు ఒకటి లోపల వదిలి, రెండు కొసలనూ పెట్టెలో ముడివేసి ఉంచండి. పదేళ్ల తరువాత ఫైబరే కావాలనిపించినా ఆ తాడుతోనే లాగించుకోవచ్చు.