కళింగపట్నం ప్రీ వెడ్డింగ్ ప్యాకేజీ: వెలుతురుకు వంక లేదు, నిలబెట్టిన తీరుకే

శ్రీకాకుళంలో ఓ స్టూడియో ఇస్తున్న ఒకరోజు ప్రీ వెడ్డింగ్ ప్యాకేజీ మీద, అందులో ఒక జంటకు వచ్చిన ఆల్బమ్ చూసి రాసిన సమీక్ష ఇది. పొద్దున కళింగపట్నం తీరం, సాయంత్రం శాలిహుండం కొండ, ఇద్దరికీ రెండేసి జతల బట్టలు, 12×36 అంగుళాల ఆల్బమ్, చిన్న వీడియో. స్టూడియో పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే లోపం వాళ్ళొక్కరిదే కాదు, విజయనగరంలోనూ పెళ్ళి ఆల్బమ్‌లు ఇలాగే ఉంటున్నాయి.

ముందు బాగున్నవి. మనది తూర్పు తీరం. సముద్రం మీద సూర్యోదయమే దొరుకుతుంది, అస్తమయం దొరకదు. ఆ సంగతి ఎరిగిన టీమ్ కాబట్టి చీకటితోనే ఒడ్డుకు చేరి ఏడున్నరలోపు పని ముగిస్తారు. సూర్యుణ్ణి వెనక పెట్టుకుని ముఖాల మీదికి వెండి రిఫ్లెక్టర్ బదులు తెల్లది వాడారు, అందుకే ఎవరి కళ్ళూ చికిలించుకుపోలేదు. తెల్లటి పొందూరు ఖద్దరు ఎండలో తెల్లముద్దగా మారకుండా పోగు పోగు కనిపిస్తోంది. ఇది అందరికీ చేతనయ్యే పని కాదు. ప్రింటు, బైండింగ్ శుభ్రం. శాలిహుండం పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. ట్రైపాడ్, డ్రోన్ అనుమతి ఎవరు తెస్తారో అడ్వాన్సు ఇచ్చేముందే తేల్చుకోండి.

ఇక పోజులు. అబ్బాయికి వచ్చే ఆదేశాలు మూడే: ‘‘సార్, కాళ్ళు ఎడంగా పెట్టండి. చేతులు కట్టుకోండి. నవ్వొద్దు సార్.’’ అమ్మాయికి వచ్చేవి ఇవీ: ‘‘బరువంతా ఎడమ కాలి మీద వెయ్యమ్మా, కుడి మోకాలు మడువు, నడుము అటు తిప్పు, భుజాలు ఇటు, తల వాల్చు, గడ్డం దించు, కళ్ళు మాత్రం పైకెత్తు, ఇంకొంచెం, ఇంకొంచెం...’’ మర్యాదలో తేడా కూడా గమనించండి. అతనికి అండీ, ఆమెకు నువ్వు.

తడి ఇసుకలో ఒంటి కాలి మీద బరువేస్తే మడమ దిగబడుతుంది. తూలిపోకుండా ఆమె అబ్బాయి చొక్కా పట్టుకోక తప్పదు. ఆల్బమ్‌లో చూసేవాళ్ళకు అది ప్రేమతో ఆనుకున్నట్టు ఉంటుంది. ఆ పేజీని దగ్గరగా చూడండి: వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. అది పడిపోకుండా పట్టుకున్న పట్టు. నడుమొక వైపు, భుజాలొక వైపు మెలితిప్పితే పైట భుజం దగ్గర లాగేస్తుంది. సన్నపు నూలు ఖద్దరు పిన్ను దగ్గరే చిరుగుతుంది. పిన్నుకు ఒక పూస ఎక్కించి గుచ్చితే చిరగదు. అసలు అంత మెలితిప్పకపోతే పూసతోనే పని లేదు.

రెండో తేడా కెమెరాది. దీన్ని చాలామంది గమనించరు. అబ్బాయి సింగిల్ ఫొటోలు 35 ఎంఎం లెన్స్‌తో మోకాలి ఎత్తు నుంచి, దగ్గరగా తీశారు. కెమెరాకు దగ్గరున్నది పెద్దదిగా పడుతుంది కాబట్టి కాళ్ళు పొడుగై మనిషి గోపురంలా కనిపిస్తాడు. అమ్మాయికి అదే లెన్స్‌తో స్టూలెక్కి పైనుంచి తీశారు. కళ్ళు పెద్దవయ్యాయి, ఒళ్ళు కిందికి సన్నబడి చిన్నపిల్లలా తేలింది. ఎత్తులో పెద్ద తేడా లేని జంట కూడా ఇలా తీస్తే అన్నాచెల్లెళ్ళ వరసలోకి వెళ్ళిపోతుంది. సరిచేయడం కష్టం కాదు. నిలువు ఫ్రేములో తల నుంచి కాలిదాకా రావాలంటే 85 ఎంఎం లెన్స్‌తో సుమారు అయిదు మీటర్లు వెనక్కి జరిగి, కెమెరా ఇద్దరికీ ఛాతీ ఎత్తులోనే ఉంచాలి. క్రాప్ సెన్సర్ కెమెరా (లోపలి సెన్సర్ చిన్నగా ఉండేది) అయితే 50 ఎంఎం చాలు.

మూడోది రీటచింగ్. లైట్‌హౌస్ ముందు తీసిన ఫొటో తెరిచి, అమ్మాయి నడుము పక్కనే వెనకున్న గోడ అంచు మీద స్కేలు పెట్టండి. పైనా కిందా నిటారుగా ఉన్న గోడ సరిగ్గా నడుము దగ్గర లోపలికి వంగింది. ఫొటోషాప్‌లో లిక్విఫై టూల్‌తో నడుమును నొక్కితే పక్కనున్నదీ దాంతోపాటే జరుగుతుంది. లైట్‌హౌస్ గోడ అబద్ధం చెప్పదు. మెలితిప్పిన మెడ మీద లేచిన నరాన్ని కూడా చెరిపేశారు, దాంతో మెడ మైనం ముద్దలా ఉంది. అబ్బాయి చర్మానికి మాత్రం క్లారిటీ పెంచి గడ్డం గరుకును ఇంకా గరుకు చేశారు. అతనికీ న్యాయం జరగలేదు. నవ్వు ముఖం ఉన్న కుర్రాడిని సింగిల్ ఫొటోల్లో ఒక్కచోటా నవ్వనివ్వలేదు.

‘‘ఆడపిల్లకు ఆ వంపు సహజం కదండీ’’ అని స్టూడియోల వాళ్ళు అంటారు. గుడికెళ్ళి వేణుగోపాలస్వామిని చూడండి. త్రిభంగిలో, కాలి మీద కాలు వేసి, మూడు చోట్ల ఒంగి నిలబడ్డది మగ దేవుడు. కూచిపూడిలో సత్యభామ నడకను తరతరాలుగా మగవాళ్ళే నేర్చి ఆడారు, వేదాంతం సత్యనారాయణ శర్మ పేరు ఆ వేషంతోనే నిలిచింది. నేర్చుకుంటే వచ్చేది పుట్టుకతో వచ్చినదెలా అవుతుంది? ఇక కాళ్ళు ఎడంగా, భుజాలు విప్పి నిలబడటం అంటారా, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఈ జిల్లాలోని ఊసవానిపేట. ఆ నిలబడే తీరు ఆడవాళ్ళకు నప్పదని శ్రీకాకుళంలో కూర్చుని ఎలా అనగలం?

ఈ తేడాను లెక్కగట్టినవాళ్ళు ఉన్నారు. మగవాడి చేయి వస్తువును గట్టిగా పట్టుకుంటుందని, ఆడవాళ్ళ వేళ్ళు తాకీ తాకనట్టు తడుముతాయని, తల వాల్చడం, మోకాలు మడవడం లొంగుబాటును చూపిస్తాయని 1970లలోనే ప్రకటనల బొమ్మలు పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ చెప్పాడు. ఈ ఆల్బమ్‌లో బుల్లెట్ హ్యాండిల్, గొడుగు కర్ర అతని చేతిలో, అతని కాలర్ ఆమె వేలికొసల్లో. 1983లో డేన్ ఆర్చర్ అనే పరిశోధకుడి బృందం ఇంకో కొలత వాడింది. గడ్డం నుంచి నడినెత్తిదాకా ఉన్న పొడవును, ఫొటోలో కనిపించే మొత్తం మనిషి పొడవుతో భాగించడం. తల 3 సెంటీమీటర్లు, కనిపించేది 6 అయితే 0.5. తల 3, కనిపించేది 20 అయితే 0.15. వాళ్ళు చూసిన బొమ్మల్లో మగవాళ్ళకు ముఖం ఎక్కువ, ఆడవాళ్ళకు ఒళ్ళు ఎక్కువ దక్కింది. స్కేలు పట్టుకుని మీ ఇంటి ఆల్బమ్ మీద కొలిచి చూడండి, పది నిమిషాల పని. ఇక 2012లో ఇంటర్నెట్‌లో కొందరు చిత్రకారులు కామిక్స్‌లో నాయికలను వంచిన భంగిమల్లోనే హాక్‌ఐ అనే మగ హీరోను గీసి పెట్టారు. చూసినవాళ్ళకు నవ్వొచ్చింది. అదే భంగిమ ఆడబొమ్మకు ఉన్నప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

షూటింగ్ రోజున ఇదే పరీక్ష చేయించండి. అమ్మాయికి చెప్పిన పోజు, అదే లెన్స్, అదే ఎత్తు, అబ్బాయికి. రెండు నిమిషాలు పడుతుంది. అతనికి నప్పని పోజు ఆమెకూ వద్దని అక్కడికక్కడే చెప్పండి.

ఈ ఫొటోగ్రాఫర్‌కు చేతకాక కాదు. ఆల్బమ్‌లో అన్నిటికన్నా మంచి ఫొటో వంశధార సముద్రంలో కలిసే వైపు ఇద్దరూ నడిచి వస్తుండగా 1/500 షట్టర్‌తో వరసగా కొట్టిన ఫ్రేముల్లోంచి వచ్చింది. గాలికి పైట ఎగిరి అబ్బాయి ముఖానికి చుట్టుకుంది, ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు, నాలుగు పాదాలూ ఇసుకలో గట్టిగా ఆనాయి. ఎవరినీ ఎవరూ మోయడం లేదు. ఇలాంటివి ఆ రెండు గంటల్లో సగమైనా తీయమని అడగండి, తీస్తారు.

వెలుతురు, రంగు, ప్రింటుకు 5కి 4½. పోజులకు 2. రీటచింగ్‌కు 1½. తీసుకునేవాళ్ళు ఈ మాటలు కొటేషన్ కాగితం మీదే రాయించుకోండి: ఇద్దరికీ ఒకే ఎత్తు నుంచి కెమెరా, లిక్విఫై వాడకూడదు, చర్మానికి చేసే మార్పు ఇద్దరికీ ఒకేలా, రా ఫైళ్ళు (కెమెరాలోంచి వచ్చిన, ఏ మార్పూ చేయని అసలు ఫైళ్ళు) ఆల్బమ్ చేతికొచ్చేదాకా చెరపకూడదు. ప్రింటుకు పంపే ముందు ఫైలు అడిగి తెప్పించుకుని, ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లో పెద్దది చేసి చూడండి. నడుముల పక్కనున్న స్తంభాలు, తాటిమానులు, గోడల అంచులు నిటారుగా ఉంటేనే సరేననండి. షీట్లు అచ్చయ్యాక మార్చడం కుదరదు.