రైజెన్ 7 5700ఎక్స్: ఇన్నాళ్లు వాడాక కూడా ఏఎం5కి ఎందుకు మారలేదంటే

ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 7 5700ఎక్స్ నా సిస్టమ్‌లోకి 2023లో వచ్చింది. అంతకు ముందు అదే బీ450 మదర్‌బోర్డు మీద రైజెన్ 5 3600 ఉండేది. ఆ బోర్డులో చిప్ కూర్చునే సాకెట్ పేరు ఏఎం4, దాని తర్వాత వచ్చింది ఏఎం5. ఈలోగా ఏఎండీ 9000 సిరీస్ దాకా వెళ్లిపోయింది. ఇంటెల్ అయితే ఏకంగా పేర్లే మార్చేసి కోర్ అల్ట్రా అంటోంది. కొత్త తరం వచ్చిన ప్రతిసారీ మనసు లాగుతుంది, లెక్క వేసుకుంటాను, ఆగిపోతాను.

నేను చేసే పనేంటో చెప్పకుండా ప్రాసెసర్ బాగుందనో బాలేదనో అంటే దానికి అర్థం లేదు. హన్మకొండలో ఇంట్లోనే కూర్చుని పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఫొటోగ్రాఫర్లు హార్డ్ డిస్క్ పంపిస్తారు, ప్రీమియర్ ప్రోలో ముందు టీజర్, తర్వాత పెద్ద ఫిల్మ్. మాఘమాసం వచ్చిందంటే తల మీద జీలకర్ర బెల్లం ఆరకముందే "టీజర్ ఎప్పుడిస్తారన్నా" అని ఫోన్. గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1660 సూపర్, ర్యామ్ 32 జీబీ డీడీఆర్4. నేను గేమ్‌లు ఆడను. ఆదివారం మా బావమరిది వచ్చి ఆడతాడు.

3600 ఏమీ చెడ్డ చిప్ కాదు. 2019లో ఆ ధరకి ఆరు కోర్లు (చిప్‌లో పని చేసే విభాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు) అంటే గొప్పే. నాకు ఇరుకైంది ఎక్కడంటే మూడు కెమెరాల మల్టీకామ్ పెట్టి, పైన కలర్ లేయర్ వేసి, వెనక వార్ప్ స్టెబిలైజర్ (వీడియోలో వణుకు తగ్గించే ఎఫెక్ట్) నడుస్తున్నప్పుడు. అప్పుడు టాస్క్ మేనేజర్ తెరిస్తే పన్నెండు గళ్లూ పైకంటా నిండిపోయి ఉండేవి. గ్రాఫిక్స్ కార్డు మాత్రం దాదాపు ఖాళీగా కూర్చునేది. ర్యామ్‌లో చోటుంది, ఎస్‌ఎస్‌డీ తీరిగ్గా ఉంది. అంటే పని ఆగుతున్నది ప్రాసెసర్ దగ్గరే. అది కళ్లతో చూశాకే డబ్బు తీశాను.

బావమరిది మాత్రం "5800ఎక్స్3డీ తీసుకో బావా" అని ఒకటే పోరు. ఆ చిప్‌లో 96 ఎంబీ ఎల్3 క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ) ఉంటుంది, గేమ్‌లకి నిజంగానే అద్భుతం. ఎడిటింగ్‌కి ఆ అదనపు క్యాష్ వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు. అతని ఆదివారాల కోసం నా జేబు ఖాళీ చేసుకోలేను కదా.

5700ఎక్స్‌లో ఎనిమిది కోర్లు. కోర్లు పెరగడం ఒక్కటే కాదు. 3600లో ఆరు కోర్లు మూడేసి చొప్పున రెండు గుంపులు, ఒక్కో గుంపుకీ 16 ఎంబీ ఎల్3 క్యాష్. ఒక గుంపు డేటా ఇంకో గుంపుకి కావాలంటే చుట్టు తిరిగి రావాలి. 5700ఎక్స్ డిజైన్ పేరు జెన్3, 3600ది జెన్2. జెన్3లో ఎనిమిదీ కలిసి ఒకే 32 ఎంబీని వాడుకుంటాయి. అదే క్లాక్ వేగం దగ్గర జెన్2 కంటే సగటున 19 శాతం ఎక్కువ పని చేస్తుందని ఏఎండీ చెప్పుకుంది. ఆ శాతాలు నేను కొలవలేదు గానీ, స్పేస్ బార్ నొక్కగానే టైమ్‌లైన్ కదలడం మాత్రం తెలుస్తుంది. ఇదివరకు నొక్కాక ఒక క్షణం నీళ్లు నమిలేది. స్టెబిలైజర్ అనలైజ్ అయ్యే సమయం బాగా తగ్గింది. ఎక్స్‌పోర్ట్‌లో మాత్రం తేడా కొద్దిగానే ఉంది, ఎందుకంటే హెచ్.264 ఎన్‌కోడింగ్ ఎలాగూ గ్రాఫిక్స్ కార్డే చేస్తుంది. ఎక్స్‌పోర్ట్ సగానికి పడిపోతుందని ఆశపడి ప్రాసెసర్ కొంటే నిరాశ తప్పదు.

చిప్ మార్చడం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. బీ450 బోర్డులకు జెన్3 సపోర్ట్ ఇవ్వబోమని 2020 మే నెలలో ఏఎండీ ముందు అంది. వాడకందార్లు గోల చేశాక రెండు వారాలు తిరక్కుండానే దిగొచ్చి, కొత్త బయోస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) ద్వారా ఇస్తామంది. కాబట్టి పాత చిప్ బోర్డు మీద ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి, మధ్యలో కరెంటు పోతే బోర్డు గోవిందా. యూపీఎస్ బ్యాటరీ నిండా ఉందో లేదో చూసుకుని మొదలుపెట్టాను. ఆ తర్వాత కూలర్. ఏఎం4లో పిన్నులు చిప్‌కే ఉంటాయి. హీట్‌సింక్‌ని నేరుగా పైకి లాగితే, ఎండిన థర్మల్ పేస్ట్ పట్టేసుకుని, లివర్ వేసి ఉన్నా సరే చిప్ కూడా దాంతోపాటు ఊడొస్తుంది. అందుకే ముందు ఒక ఎక్స్‌పోర్ట్ పెట్టి చిప్‌ని వేడెక్కించాను. షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, స్క్రూలు తీసి, కూలర్‌ని ఎత్తకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పాను. కాసేపటికి పట్టు వదిలి జారినట్టయింది, అప్పుడు లేపాను. చిప్ సాకెట్‌లోనే ఉంది. 5700ఎక్స్ డబ్బాలో కూలర్ రాదు, టవర్ కూలర్ ఒకటి విడిగా కొన్నాను. రెండు చిప్‌లూ 65 వాట్లవే కాబట్టి ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) జోలికి వెళ్లలేదు. మే నెలలో ఏసీ లేని గదిలో కూడా ఎప్పుడూ ఆగిపోలేదు, ఫ్యాన్ చప్పుడు పెరుగుతుందంతే. తర్వాతి తరం, అంటే ఏఎం5లో వచ్చిన జెన్4లో ఎక్స్ రకం చిప్‌లు పూర్తి లోడ్‌లో 95 డిగ్రీల దాకా వెళ్లడం మామూలేనని ఏఎండీయే చెప్పింది. చిప్‌కి ఏమీ కాకపోవచ్చు, ఆ వేడి వచ్చేది నా గదిలోకే కదా.

ఇక ఏఎం5 లెక్క. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి అడిగితే ఒక షాపతను "అన్నా, ఇంకా ఏఎం ఫోర్ ఏంది? కాంబో తీస్కో" అన్నాడు. కాంబో అంటే చిప్, బోర్డు, ర్యామ్ మూడూ. ఏఎం5 డీడీఆర్5 ర్యామ్ మాత్రమే తీసుకుంటుంది, నా 32 జీబీ డీడీఆర్4 అందులో పనికిరాదు. కూలర్ ఒక్కటే చాలావరకు సరిపోతుంది. జెన్4 కి 13 శాతం, జెన్5 కి 16 శాతం అని ఏఎండీ చెప్పే మెరుగుదల ఒక్కో తరానికి ముందు తరంతో పోల్చి చెప్పినది, అవి కలిస్తే తక్కువేమీ కాదు. కానీ నా పని ఇప్పుడు ఆగుతున్నది ప్రాసెసర్ దగ్గరేనా? మళ్లీ టాస్క్ మేనేజర్ తెరవాల్సి వచ్చింది.

ఎందుకంటే అప్పటికి ఒక కొత్త తలనొప్పి మొదలైంది. ఒక ఫొటోగ్రాఫర్ సోనీ ఏ7 ఫోర్‌కి మారాడు. అతని 4కే ఫుటేజ్ టైమ్‌లైన్ మీద వేస్తే ఒక్క ట్రాక్‌కే నత్తనడక. మిగతా వాళ్ల ఫుటేజ్ మూడు ట్రాకులు హాయిగా నడుస్తుంటే ఇదొక్కటి ఎందుకిలా? ఫైల్ వివరాలు చూస్తే హెచ్ఈవీసీ (వీడియోని కుదించే ఒక పద్ధతి), 10 బిట్, 4:2:2. ఆ ఆఖరి మూడు అంకెల్లోనే ఉంది కిటుకు. 4:2:0లో వెలుగు సమాచారం పూర్తిగా ఉంచి, రంగు సమాచారం నాలుగు పిక్సెల్స్‌కి ఒకటి చొప్పున దాస్తారు. 4:2:2లో దానికి రెట్టింపు రంగు ఉంటుంది. 4:2:0 ఫైల్‌ని గ్రాఫిక్స్ కార్డులోని డీకోడర్ చిటికెలో విప్పేస్తుంది. హెచ్ఈవీసీ 4:2:2ని విప్పే సర్క్యూట్ ఎన్విడియా వాళ్లు 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ దాకా పెట్టలేదు. ఇంటెల్ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌తో వచ్చే క్విక్ సింక్ అనే వీడియో సర్క్యూట్‌లో మాత్రం 11వ తరం నుంచే ఉంది. నా రైజెన్‌లో అసలు గ్రాఫిక్సే లేవు. కాబట్టి మొత్తం భారం కోర్ల మీద పడుతోంది.

అంటే ఏఎం5 కాంబోకి డబ్బు పోసినా ఆ ఫుటేజ్ కాస్త వేగంగా తడబడేదే తప్ప నున్నగా నడిచేది కాదు. నాలుగేళ్ల కిందటి మామూలు ఇంటెల్ ఐ5 ఈ ఒక్క పనిలో నా చిప్‌ని ఓడిస్తుంది. తరం అంకె చూసి కొనేవాళ్లకి ఎవరూ చెప్పని సంగతి ఇదే.

నేను ఫొటోగ్రాఫర్‌కి ఫోన్ చేసి మెనూలో రికార్డింగ్ సెట్టింగ్ 4:2:0 10 బిట్‌కి మార్చమన్నాను. గ్రీన్ స్క్రీన్ పని లేని పెళ్లి వీడియోలో ఆ తేడా పెళ్లికూతురి తల్లిదండ్రులెవరూ పట్టుకోలేరు. తర్వాతి పెళ్లి నుంచి అతని ఫుటేజ్ కూడా మిగతా వాటిలాగే నడుస్తోంది. పాత డిస్క్‌లకి ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి వాడే తేలికైన నకళ్లు) చేసుకున్నాను, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకి అయిపోతాయి.

యూట్యూబ్‌లో గేమ్ బెంచ్‌మార్క్‌లు (వేగం కొలిచే పరీక్షలు) చూసి టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట. ప్రాసెసర్ల మధ్య తేడా బయటపడాలని వాళ్లు ఆర్‌టీఎక్స్ 4090 లాంటి కార్డు పెట్టి 1080పీలో కొలుస్తారు. అది తప్పు కాదు, అలాగే కొలవాలి. మన 1660 సూపర్ దగ్గర ఆ గ్రాఫులన్నీ ఇంచుమించు ఒకే ఎత్తుకి వచ్చేస్తాయి.

ఇంటెల్‌కి మారదామా అని కూడా ఆలోచించాను, క్విక్ సింక్ కోసం. అప్పుడే 13, 14 తరాల ఐ7, ఐ9 చిప్‌లు అవసరానికి మించిన వోల్టేజ్ వల్ల పాడవుతున్నాయన్న గొడవ బయటపడింది. 2024 ఆగస్టులో బయోస్ అప్‌డేట్‌తో వచ్చే మైక్రోకోడ్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణ ఇచ్చారు, వారంటీ రెండేళ్లు పెంచారు. ఇప్పుడు ఆ తరాల్లో సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు బయోస్ ఎప్పటిదో అడగకుండా డబ్బు ఇవ్వకండి. ఆ తర్వాత వచ్చిన కోర్ అల్ట్రా 200కి మళ్లీ కొత్త సాకెట్, కొత్త బోర్డు.

మొదటి తరం రైజెన్, ఏడో తరం ఇంటెల్ మీద ఉన్నవాళ్ల సంగతి వేరు. వాటికి విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఏఎం4 బోర్డే ఉంటే బయోస్ చూసుకుని 5000 సిరీస్ చిప్ వేసుకోవడం ఇప్పటికీ చవకైన దారి. కొత్తగా మొత్తం కట్టుకునేవాళ్లు ఏఎం5కే వెళ్లండి, 2027 దాకా, ఆపైన కూడా ఆ సాకెట్‌కి చిప్‌లు ఇస్తామని ఏఎండీ మాటిచ్చింది. కాకపోతే ర్యామ్ దగ్గర గుండె ఆగుతుంది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో డీడీఆర్5 ధరలు కొండెక్కాయి. ర్యామ్ తయారుచేసే మైక్రాన్ అయితే మనలాంటి వాళ్లకి అమ్మే క్రూషియల్ బ్రాండ్‌నే మూసేస్తున్నామని అదే ఏడాది డిసెంబర్‌లో ప్రకటించింది.

నా తర్వాతి ఖర్చు ప్రాసెసర్ కాదు, ఆర్‌టీఎక్స్ 5060. 4:2:2 డీకోడర్ దాంట్లో ఉంది, ఇదే బీ450 మీద నడుస్తుంది. ఆ కార్డు బోర్డుతో డేటా పంచుకోవడానికి ఎనిమిది లేన్లే (దారులు) వాడుతుంది, నా బోర్డులో ఆ దారులు పాత పీసీఐఈ 3.0 వేగానివి కాబట్టి కొన్ని గేమ్‌లలో వేగం కొంత తగ్గొచ్చు. అది బావమరిది చూసుకుంటాడు.