ట్రెక్కింగ్ షూస్ చవగ్గా వస్తున్నాయని కొనేముందు డబ్బా మీద తేదీ చూడండి

విజయనగరం, శ్రీకాకుళం వైపు కొండలెక్కడానికి షూస్ కొనాలనుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా కల్యాణమండపాల్లో నాలుగు రోజులు పెట్టి ఎత్తేసే క్లియరెన్స్ సేల్‌లో కొనేవాళ్లు దయచేసి ఇది చదవండి. మాలో ఇద్దరికి జరిగింది ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను.

మా వీధిలో పొద్దున్నే కలిసి నడిచే ఆడవాళ్లం ఆరుగురం. ఉగాదికి ముందు ఆదివారం రామతీర్థం వెళ్దామనుకున్నాం. మెట్లెక్కి బోధికొండ మీద గుడి చూసి, తర్వాత గురుభక్తులకొండ ఎక్కి, మధ్యాహ్నానికి కిందికొచ్చి పులిహోర తిందామని ప్లాన్. మామిడి పిందెలు కట్టే రోజులు కదా, తెల్లవారుజామున గాలి ఎంత హాయిగా ఉంటుందో, పది దాటాక ఆ బండలు అంతలా కాలతాయి. అందుకే ఐదున్నరకే ఆటోలెక్కేశాం.

దానికి రెండు వారాల ముందు ఊళ్లో సేల్ పెట్టారు. 'ఎక్స్‌పోర్ట్ మిగులు సరుకు మేడమ్, పెద్ద షాపుల్లో ఐదువేలు' అన్నాడు. ఎమ్మార్పీ 4,999 అని ఉన్న జత 1,600కి ఇచ్చాడు. నేనూ, చివరింటి వదినా ఒకే మోడల్ తీసుకున్నాం. పక్కింటి అక్క వేరే మోడల్ తీసుకుంది. పట్టుకుంటే గట్టిగా ఉన్నాయి, లోపల కాగితం ఉండలు కూడా అలాగే ఉన్నాయి, ఎవరూ తొడగని కొత్త జతలు. మాకు అనుమానం రాకపోవడానికి అదే కారణం. బిల్లు అడిగితే చిన్న చీటీ మీద మొత్తం రాసి ఇచ్చాడు, కింద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని స్టాంపు.

బోధికొండ మెట్లు హాయిగానే ఎక్కాం. గురుభక్తులకొండ మీద బౌద్ధుల కాలం నాటి ఇటుక కట్టడాల దగ్గరికి చేరబోతుండగా వెనక నడుస్తున్న అక్క పిలిచింది. 'వదినా, నీ కాళ్ల కిందనుంచి ఏదో రాలతంది చూడు.' తిరిగి చూస్తే బండ మీద మేం నడిచినంత మేరా నల్లటి పొడి. వంగి వేలితో తీశాను. టీలో నానిన రస్కులా ఉంది, నొక్కితే జిగురుగా అంటుకుంది. అప్పటికే వదిన ఎడమ షూ ముందుభాగం నోరు తెరిచింది. ఇంకో ఇరవై అడుగులకి రబ్బరు అడుగు మొత్తం ఊడి మడమ దగ్గర మాత్రమే వేలాడింది. నాది ఇంకో పావుగంట ఆగింది, అంతే.

చున్నీ చింపి వదిన షూకి కట్టాం. నేను రెండు జతల సాక్సులు వేసుకుని దిగాను. అప్పటికి పదిన్నర. అరికాళ్లు మంటెత్తిపోయాయి, గులకరాళ్ల మీద ప్రతి అడుగూ భయమే. సగం దిగేసరికి చున్నీ ముడి జారింది, వదిన కాలు మడతపడింది. అందరం పట్టుకుని దింపాం. ఎముకకి ఏమీ కాలేదన్నారు గానీ, మూడు వారాలు క్రేప్ బ్యాండేజీతో మంచం దగ్గరే. ఆ మూడు వారాలూ ఆవిడ ఇంటి వంట మేమంతా వంతులవారీగా చేశాం. 1,600 పోయినందుకు కాదు నా బాధ. ఆ జారడం ఇంకో నాలుగడుగులు పక్కన, అంచు దగ్గర జరిగి ఉంటే? ఇప్పటికీ తలుచుకుంటే టెన్షన్‌గానే ఉంటుంది.

చెప్పులు కుట్టే తాత దగ్గరికి రెండు జతలూ పట్టుకెళ్లాను. సూది మొనతో పొడిచి చూపించాడు. 'అంటిస్తే ఉండదమ్మా. లోపల సరుకు సచ్చిపోనాది.' ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పై భాగానికీ, కింద రబ్బరుకీ మధ్య ఉండే మెత్తటి పొర చాలా ట్రెక్కింగ్ షూస్‌లో పాలియురేథేన్ అనే నురుగులాంటి ప్లాస్టిక్‌తో చేస్తారు. గాలిలోని తేమ దాన్ని లోపల్లోపలే విరగ్గొడుతుంది. వాడకపోయినా, డబ్బాలో మూసి ఉంచినా ఆ పని ఆగదు. వేడి, తేమ ఎక్కువుండే మనలాంటి చోట గోదాములో ఏళ్లకేళ్లు పడి ఉన్న జత చూడ్డానికి కొత్తగానే ఉంటుంది, బరువు పడగానే పిండైపోతుంది. అక్క జతలో ఆ పొర ఈవీఏ అనే వేరే రకం నురుగు, అది తేమకి ఇలా పొడైపోదు. ఆమె షూస్ ఇప్పటికీ బాగున్నాయి.

ఇంటికొచ్చి డబ్బా వెతికాను. అడుగున ధర స్టిక్కరు, దాని కింద ఇంకో స్టిక్కరు. కొబ్బరినూనె రాసి ఓ గంట ఆగి మెల్లగా ఒలిస్తే తయారీ నెల, సంవత్సరం బయటపడ్డాయి. ఏడేళ్ల కిందటివి! కంపెనీ కస్టమర్ కేర్ వివరాలు కూడా ఆ కిందే ఉన్నాయి. ప్యాకెట్ సరుకు మీద ఈ వివరాలు కనిపించాలని 2011 నాటి నిబంధనలే ఉన్నాయి. ధర తగ్గించి కొత్త స్టిక్కరు వేసుకోవచ్చు గానీ, పాత ఎమ్మార్పీని కప్పకూడదు. తేదీని కప్పేయడం అంటే తెలిసే చేసిన పని.

కాబట్టి స్టిక్కరు మీద స్టిక్కరు కనిపిస్తే అక్కడే ఒలిచి చూపించమనండి. ఒప్పుకోకపోతే వచ్చేయండి. తయారై ఐదారేళ్లు దాటిన పాలియురేథేన్ జతని ఎంత చవగ్గా ఇచ్చినా నేనైతే ముట్టుకోను. పక్కనుంచి ఆ మధ్య పొరని బొటనవేలితో గట్టిగా నొక్కండి, షూని వంచి చూడండి. సన్నటి పగుళ్లు, జిగురు, పొడి, ఏది కనిపించినా వద్దు. ఎక్కడ కొన్నా సరే, కొండకి వెళ్లే ముందు వారం రోజులు మేడ మీద, మెట్ల మీద తొడుక్కుని నడవండి. మేం చేయనిది అదే.

ఆ సేల్ వాళ్లు వెళ్లిపోయారు. చీటీ మీద నంబరు ఎత్తడం లేదు. మండపం వాళ్లు అద్దెకిచ్చాం అంతే అన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తూనికలు కొలతల శాఖకి స్టిక్కర్ల ఫోటోలతో అర్జీ పెట్టాను. అమ్మినవాళ్లు ఎక్కడివాళ్లైనా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, కొన్న ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. అందుకే ఫోన్‌పే చేసిన స్క్రీన్‌షాట్, ఆ పిచ్చి చీటీ, డబ్బా, ఊడిపోయిన షూస్ అన్నీ సంచిలో కట్టి దాచాను. మీరూ ఏదీ పారేయకండి.

ఫిబ్రవరి చివర్లో, మార్చి మొదట్లో విజయనగరంలో అలాంటి సేల్‌లో షూస్ కొన్నవాళ్లుంటే, పిల్లలకి తొడిగే ముందు ఈ రాత్రే డబ్బా అడుగున స్టిక్కరు ఒలిచి చూడండి.