నసీబు, తలరాత: ఏది ఎప్పుడు?

వరంగల్‌లో ఈ రెండు మాటలూ రోజూ వినిపిస్తాయి. రెండూ ఒకటే అనుకుని ఒకదాని బదులు ఇంకోటి వాడితే మాత్రం తేడా కొడుతుంది.

నసీబు అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మన నోట్లోకి వచ్చింది. అసలు అర్థం వాటా, వంతు. ఆ వాసన ఇంకా పోలేదు. ఎనుమాముల మార్కెట్లో మిర్చికి మంచి ధర పలికితే రైతు ‘ఈసారి నసీబు మంచిగుంది’ అంటాడు. పలకకపోతే ‘నా నసీబుల లేదు’ అంటాడు. ఈసారి దక్కలేదు, వచ్చే ఏడు చూద్దాం అన్న ఆశ అందులోనే ఉంటుంది. నసీబు ఖరాబవుతుంది, మళ్లీ తిరుగుతుంది.

తలరాత అట్లా కాదు. బ్రహ్మ నుదుట రాశాడన్న నమ్మకంలోంచి పుట్టిన మాట కాబట్టి చెరగదు. సర్కారు కొలువొచ్చినోడు ‘నా తలరాత’ అనడు. చేతికొచ్చిన పత్తిని గులాబీ పురుగు తిన్నప్పుడు, అప్పు మీద అప్పు పడ్డప్పుడు ‘మా తలరాతే ఇంత’ అని నుదురు కొట్టుకుంటారు.

ఒక్కటి గట్టిగా చెప్తాను. తలరాత మన గురించి మనం అనుకునే మాట. కష్టంలో ఉన్నవాళ్లతో ‘నీ తలరాత అంతే’ అనడం తిట్టు కన్నా ఎక్కువ. పరీక్ష తప్పిన పిల్లకు ‘నసీబు కలిసిరాలే, మళ్ల రాయి బిడ్డా’ అనండి.