లైనింగ్ విప్పి చూసిన కోటు

గత ఏడాది మిలాన్‌లో ఉంటున్న మా అక్క ద్వారా పేరున్న ఒక ఐరోపా ఫ్యాషన్ సంస్థ తయారుచేసిన కోటు తెప్పించుకున్నాను. దాని ధర 2,400 యూరోలు, అంటే మన లెక్కలో రెండు లక్షల రూపాయలు దాటిన వస్తువు. అంత డబ్బు ఒక బట్ట మీద పెట్టడం నాకు అదే మొదటిసారి, బహుశా చివరిసారి కూడా. సంస్థ పేరు రాయడం లేదు.

ముందు పనితనం గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ కోటులో డబ్బు పెట్టదగినది అదే. నల్లని ఉన్ని బట్ట, నడుము కిందికి దిగే పొడవు, ఎడమ భుజం దగ్గర మొదలై మణికట్టు దాకా పాకే దానిమ్మ పూల తీగ. పెళ్లి జాకెట్ల మీద మనం చూసే మగ్గం పనే ఇది. తేడా అంతా ఎక్కడ ఆగాలో తెలియడంలో ఉంది. ఒక్కో రేక లోపల దూదిదారం పరిచి కొద్దిగా ఎత్తు తెచ్చి, దాని మీద జర్దోసి స్ప్రింగును, అంటే సన్నని లోహపు తీగ చుట్టను, ముక్కలుగా కత్తిరించి పక్కపక్కనే పేర్చి కుట్టారు. రేక మొదట్లో ముక్క బియ్యపు గింజంత ఉంటే, కొసకు వచ్చేసరికి నువ్వుగింజంత అవుతుంది, పైగా మొదట్లో మెరిసే తీగ వాడినవారు కొసలో మెరుపు తగ్గిన తీగ వాడారు. అందువల్ల వెలుతురు పడినప్పుడు రేక అంచు మడతపడి నీడలోకి జారినట్టు అనిపిస్తుంది. ఆకులకు కట్‌దానా అనే సన్నని గొట్టపు పూసలు, పువ్వు నడుమ ఒకదాని మీద ఒకటి పేర్చిన చమ్కీలు, ఒక్కొక్క చమ్కీకి పైన ఒక చిన్న పూస కాపలా. భూతద్దం పెట్టి వెతికినా రెండు ముక్కల మధ్య నల్ల బట్ట కనిపించే చోటు నాకు దొరకలేదు.

ఇంత పని చేసినవారి గురించి కోటుతో వచ్చిన కాగితాల్లో ఒక్క మాట లేదు. మెడ దగ్గరి పట్టీ మీద ఇటలీలో తయారైనదని ఉంది. అది అబద్ధం కానక్కరలేదు. ఐరోపా సమాఖ్య (ఈయూ) నిబంధనల ప్రకారం, ఒక వస్తువు తయారీలో ఒకటికి మించిన దేశాల పాత్ర ఉంటే, చివరిసారిగా గణనీయమైన మార్పు ఎక్కడ జరిగిందో ఆ దేశాన్నే దాని పుట్టిల్లుగా లెక్కిస్తారు. కాబట్టి ఈ మగ్గం పని అంతా, ఉదాహరణకు, ముంబైలో పూర్తయి వచ్చిన ముక్కలను ఇటలీలో కోటుగా కుడితే పట్టీ మీద ఇటలీ అనే రాసుకోవచ్చు. కాగితాల్లో గుండీల కొమ్ము గురించి, ఉన్ని గురించి రెండు పేరాలు ఉన్నాయి. విడి గుండీ ఒకటి శాటిన్ సంచిలో పెట్టి ఇచ్చారు కాని, విడి పూస ఒక్కటీ ఇవ్వలేదు.

నాలుగోసారి వేసుకున్న రోజున చంక కింది కుట్టు దగ్గర నుంచి పూసలు రాలడం మొదలైంది. మగ్గం పనిలో వాడే ఆరీ అనే కొక్కెం సూదితో వేసే గొలుసు కుట్టు ఎలాంటిదంటే, బియ్యం బస్తా మూతి కుట్టుకు సరైన కొస దొరికితే దారం సరసరా ఊడివచ్చినట్టు, ఒకచోట తెగితే వరుస వరుసంతా జారిపోతుంది. సాయంత్రానికి జానెడు తీగ ఖాళీ అయింది. సంస్థకు ఫొటోలతో సహా రాశాను. పదకొండు రోజుల తరువాత, కోటును నా ఖర్చుతో ఐరోపాకు పంపాలని, పరిశీలనకు ఆరు నుంచి పది వారాలు పడుతుందని, అదే రకం పూసలు దొరుకుతాయన్న హామీ ఇవ్వలేమని, ఎంతో మర్యాదైన భాషలో జవాబు వచ్చింది.

పంపలేదు. హైదరాబాదులో మెహదీపట్నం వైపు ఒక మేడ మీది గదిలో నాలుగు మగ్గాలు పెట్టుకుని పనిచేసే పెద్దమనిషి దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన కోటును ముందు వైపు ఒక్క క్షణమే చూసి, అడగకుండానే చేతి లైనింగ్ విప్పడం మొదలుపెట్టారు. లోపల నేను చూసినది ఇది: బట్ట వెనుక తీగ పొడవునా తెల్లని చుక్కల వరుస, అంటే ట్రేసింగ్ కాగితానికి సూదితో రంధ్రాలు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన పొడిని రుద్ది బట్ట మీదికి డిజైన్ దింపిన గుర్తు, దాని పక్కన కుట్టు లోపలి అంచు మీద పెన్సిల్‌తో, దేవనాగరి లిపిలో, నాలుగు అంకె.

ఆ చుక్కలు వెనుక ఉండటానికి కారణం ఉంది. ఫ్రెంచివారు లునెవిల్ పద్ధతి అని పిలిచే పనిలో పూసలను ముందే దారానికి ఎక్కించి, బట్ట వెనుక వైపు నుంచి కొక్కెం సూదితో కుడతారు. కాబట్టి గొలుసు వెనుక పడుతుంది. మన ఆరీ పనిలో మామూలుగా ముందు వైపు చూస్తూ కుడతారు, గొలుసు ముందే పడుతుంది. అసలు ఆ కొక్కెం సూది పని ఐరోపాకు 18వ శతాబ్దంలో తూర్పు దేశాల నుంచే చేరింది. ఇప్పుడు ఆ ఫ్రెంచి పద్ధతినీ మనవాళ్లు నేర్చుకుని పూసల పనికి వాడుతున్నారు. పారిస్‌లో పేరుమోసిన లెసాజ్ కుట్టుపని కుటుంబానికి చెందిన జాన్ ఫ్రాన్స్వా లెసాజ్ 1990లలో చెన్నై వచ్చి వస్త్రకళ అనే కార్ఖానా స్థాపించడం వెనుక కారణం మన కారిగర్ల, అంటే చేతిపనివారి, చేతులే. నా కోటులో ఆకులు ఫ్రెంచి తీరున, రేకులు మన తీరున ఉన్నాయి.

“ఇది చేతిపని తప్పు కాదమ్మా, మిషన్ కోసింది” అన్నారాయన. దారం కొసలన్నీ ముడిపడే ఉన్నాయి. చేతి ముక్కను కోటుకు కలిపిన మిషన్ కుట్టు మాత్రం పూసల వరుస మీదుగానే పోయి, సూది దారాన్ని తెంపింది. కుట్టే ముందు ఆ అంచున రెండు వేళ్ల మేర పూసలు తీసేసి, కలిపిన తరువాత చేత్తో మళ్లీ నింపాలట. అంటే చెడినది, పట్టీ మీద పేరు దక్కని పని కాదు, పేరు దక్కిన పని. తానూ ఎనిమిదేళ్లు ముంబైలో ఎగుమతి కార్ఖానాలో చేశానని, అక్కడ ఏ సరుకు ఏ కంపెనీకి పోతుందో చెప్పేవారు కాదని, నంబరు మాత్రమే చెప్పేవారని అన్నారు. రెండు సాయంత్రాలు పట్టిన మరమ్మతుకు 1,200 రూపాయలు అడిగారు. ఎక్కువ ఇవ్వబోతే కోప్పడ్డారు.

కుట్టినవారి పేరు చెప్పడం సాధ్యం కాని పని అని ఈ సంస్థలు అంటే నమ్మనక్కరలేదు. 2023 మార్చి 30న ఫ్రెంచి ఫ్యాషన్ సంస్థ డియోర్ ముంబై గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు ప్రదర్శన పెట్టినప్పుడు, కుట్టుపని చేసిన చాణక్య కార్ఖానా పేరును, దాన్ని నడిపే కరిష్మా స్వాలీ పేరును బహిరంగంగానే చెప్పింది, వేదికకు ఆ కార్ఖానా చేసిన భారీ తోరణాన్నే కట్టింది. దానికి భిన్నంగా 2025 జూన్‌లో మిలాన్ ప్రదర్శనలో ఇటలీ ఫ్యాషన్ సంస్థ ప్రాడా కొల్హాపురి చెప్పుల వంటివి చూపించి, 2019 నుంచి భౌగోళిక గుర్తింపు ఉన్న ఆ చెప్పుల ఊసు ఎత్తలేదు; మన దేశంలో గొడవ మొదలైన తరువాతే వాటి మూలాన్ని ఒప్పుకుంది. కార్ఖానా పేరు చెప్పినంత మాత్రాన అందులోని కారిగర్ కూలి పెరుగుతుందని నేను అనను, కాని నా కోటు వంటిది పాడైనప్పుడు ఎవరిని అడగాలో కొన్నవారికి తెలుస్తుంది.

కొనదలచినవారికి నా మాట: కుట్టుపని కోసమే అయితే, తగ్గింపు ధరలో దొరికితే కొనండి, కొలత ఒక సైజు ఎక్కువ తీసుకోండి, ఎందుకంటే పని ఉన్న చేయి సాగదు, రెండో చేతి కన్నా బిగుతుగా ఉంటుంది. కొనేముందు చంక కింది కుట్టు మీద వేలు పోనిచ్చి, పూసలు కుట్టులోకి దూరుతున్నాయేమో చూసుకోండి. సంస్థ ఇచ్చిన కార్డులో డ్రైక్లీనింగ్ అని తప్ప ఏమీ లేదు. మేడ మీది పెద్దమనిషి చెప్పినవి ఇవి: హ్యాంగర్‌కు వేలాడదీయకూడదు, పని బరువుకు భుజం సాగుతుంది, పాత నూలు గుడ్డ మధ్యలో పెట్టి పని లోపలికి వచ్చేలా మడవాలి, ఇస్త్రీ వెనుక వైపు నుంచే చేయాలి, సెంటు కొట్టుకుని ఆరకముందే వేసుకోకూడదు, జర్దోసి నల్లబడుతుంది.