థ పొట్టలో చుక్కను మింగని సాఫ్ట్‌వేర్

పుస్తకాల అట్టలకు, పిల్లల పత్రికలకు బొమ్మలు వేసే పనిలో చిన్న బొమ్మను పెద్దది చేయవలసిన అవసరం తరచూ పడుతుంది. ఆ పనికి నేను ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది అప్‌స్కేల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ (ఇంగ్లీషులో వెతికేటప్పుడు ఆ పేరులో 'వై' అక్షరం ఉంటుందని గుర్తుంచుకోవాలి). దాన్ని ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవాలో, ఏ బటన్ ఎక్కడ ఉంటుందో చెప్పే వీడియోలకు కొదవ లేదు కనుక వాటి జోలికి వెళ్లను. నన్ను దానికి కట్టిపడేసిన సౌకర్యం ఒక్కటే: బొమ్మను ఏ మోడల్‌తో (అంటే బొమ్మలను పెద్దవి చేయడంలో శిక్షణ పొందిన ఏ ప్రోగ్రాముతో) పెద్దది చేయాలో మనమే ఎంచుకోవచ్చు, ఇష్టమైతే బయటి మోడళ్లను తెచ్చి అందులో పెట్టుకోవచ్చు. డబ్బు కట్టి వాడిన సాఫ్ట్‌వేర్‌లో నాకు దొరకక ఇబ్బంది పెట్టింది సరిగ్గా ఈ స్వేచ్ఛే.

అంతకుముందు నేను వాడినది ఏటా చందా కట్టవలసిన, బాగా పేరున్న ఒక సాఫ్ట్‌వేర్. పేరు చెప్పను. దాని గురించి మిత్రులకు గొప్పగా చెప్పిన రోజులూ ఉన్నాయి, ఆ మాటల్లో కొంత ఇప్పటికీ నిజమే. గొడవ వచ్చింది ఒక కథల సంపుటి పోస్టరు దగ్గర. డిసెంబరులో హైదరాబాదు ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శనలో స్టాలు ముందు పెట్టడానికి 12×18 అంగుళాల పోస్టరు కావాలని ప్రచురణకర్త అడిగారు. అట్ట బొమ్మ నేను చాలా ఏళ్ల కిందట వేసినదే కాని, లేయర్లు (విడివిడి పొరలు) ఉన్న అసలు ఫైలు పాత హార్డ్ డిస్కుతో పాటే పోయింది. ప్రచురణకర్త మెయిల్‌లో మిగిలింది 900×1350 పిక్సెళ్ల జేపెగ్ మాత్రమే. అంగుళానికి 300 చుక్కల (300 డీపీఐ) లెక్కన ఆ పోస్టరుకు 3600×5400 పిక్సెళ్లు కావాలి, అంటే సరిగ్గా నాలుగింతలు. ఇలాంటి పనికోసమే కదా చందా కడుతున్నది అనుకుని ఫైలును దానికి అప్పగించాను.

బొమ్మ తెలంగాణలోని చెరియాలలో కథలు చెప్పడానికి వేసే నకాషీ పటాల ధోరణిలో వేసినది. ఎర్రని నేల, దాని మీద కథ చెబుతున్న ఒక ముసలాయన, చుట్టూ పిల్లలు, చీర అంచుల వెంట తెల్లని చుక్కల వరుసలు ఉంటాయి. పుస్తకం పేరు కింద చిన్నగా 'కథలు' అని చేత్తో రాసిన అక్షరాలు. సాఫ్ట్‌వేర్ పని ముగించాక తెర మీద ఆ బొమ్మను చూస్తే, నిన్న మొన్న వేసినట్టు గీతలన్నీ తేటగా నిలబడ్డాయి. చిక్కడపల్లిలో నేను ఎప్పుడూ వెళ్లే ప్రెస్సుకు ఫైలు పంపి, ప్రూఫు చూడడానికి వెళ్లాను. అక్కడి ఆపరేటరు షీటును బల్ల మీద పరిచి, అక్షరాల మీద వేలు పెట్టి, "సార్, గీ కథలల్ల సుక్క లేదు సూడుండ్రి. ఇట్లనే కొట్టమంటరా?" అని అడిగాడు.

థ పొట్టలో ఉండవలసిన చుక్క మాయమైంది. మాయమైన చోట మచ్చ కూడా లేకుండా, మొదటినుంచీ అలాగే రాసినంత శుభ్రంగా, 'కథలు' కాస్తా 'కధలు' అయి కూర్చుంది. తెలుగు పంతుళ్లు ఎర్రసిరాతో సున్నా చుట్టే తప్పుల్లో మొదటిది ఇదే కాబట్టి, పుస్తక ప్రదర్శనలో, అదీ కథల పుస్తకం స్టాలు ముందు, ఆ పోస్టరు నిలబడి ఉంటే ఏమయ్యేదో చెప్పనవసరం లేదు. అనుమానం పుట్టాక తక్కిన బొమ్మనూ అంగుళం అంగుళం చొప్పున పరిశీలించాను. చీర అంచు చుక్కలు కొన్ని చోట్ల ఒకదానితో ఒకటి అతుక్కుని దారంలా సాగాయి. ముసలాయన కళ్లకు నేను గీయని రెప్పవెంట్రుకలు మొలిచాయి. నకాషీ బొమ్మల్లో కళ్లు ఎంత పెద్దవైనా అలాంటి వెంట్రుకలు నేను చూడలేదు. సెట్టింగులలో నాయిస్ (బొమ్మలో తేలే అనవసరపు మరకలు) తగ్గింపును సున్నాకు దించి, ముఖాలను సరిదిద్దే అంశాన్ని ఆపి చూస్తే రెప్పవెంట్రుకలు పోయాయి కాని చుక్క మాత్రం తిరిగి రాలేదు.

కారణం తెలుసుకున్నాక నాకు ఆ సాఫ్ట్‌వేర్ మీద కోపం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. జేపెగ్ పద్ధతి బొమ్మను 8×8 పిక్సెళ్ల గడులుగా విడగొట్టి కుదిస్తుంది. అందువల్ల అక్షరాల అంచుల చుట్టూ చిన్న చిన్న మరకలు తేలుతాయి. నా ఫైలులో ఆ థ పొట్టలోని చుక్క పట్టుమని రెండు మూడు పిక్సెళ్లు ఉంటుంది. ఈ తరహా సాఫ్ట్‌వేర్‌లలో ఉండే న్యూరల్ నెట్‌వర్కులకు (ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాములకు) శిక్షణ ఎలా ఇస్తారో చూస్తే విషయం అర్థమవుతుంది. ఉదాహరణకు బొమ్మలను పెద్దవి చేయడానికి 2021లో వచ్చిన రియల్-ఈఎస్ఆర్‌గాన్‌లో మంచి బొమ్మలను కావాలనే మసకబార్చి, చిన్నవి చేసి, నాయిస్ కలిపి, జేపెగ్‌గా కుదించి, ఆ తతంగాన్ని రెండోసారి కూడా జరిపి, ఆ చెడిన బొమ్మ నుంచి అసలు బొమ్మను రాబట్టడం నేర్పుతారు. అలా నేర్చుకున్న నెట్‌వర్కుకు చిన్న చుక్క కనబడితే అది మరకో, అక్షరమో ఊహించుకోవలసిందే. ఇంగ్లీషులో చిన్న ఐ మీద చుక్క పోయినా మాట మారదు. మనకు కథకూ కధకూ మధ్య, పాఠానికీ పారానికీ మధ్య ఉన్నది ఆ చుక్కే, బ-భ, ద-ధ, ప-ఫ జంటల మధ్య ఉన్నది కింద గీసే చిన్న గీతే. నా పని చేసేవారెవరైనా సాఫ్ట్‌వేర్ కొనేముందు వాళ్లు చూపించే పువ్వులు, పక్షుల నమూనాలను పక్కన పెట్టి, ఈ అక్షరాలున్న తమ సొంత బొమ్మను చిన్న సైజు జేపెగ్‌గా చేసి పరీక్షించుకుంటే మంచిది.

ప్రెస్సు నుంచి వచ్చిన రాత్రే అదే జేపెగ్‌ను అప్‌స్కేల్‌లో 'డిజిటల్ ఆర్ట్' మోడల్ పెట్టి నాలుగింతలు చేశాను. చుక్క నిలిచింది. గుండ్రంగా ఉండవలసింది కాస్త నలుచదరంగా తేలింది, అయినా చుక్క చుక్కే. చీర అంచు చుక్కలు కూడా విడివిడిగానే వచ్చాయి. ఆ మోడల్ రియల్-ఈఎస్ఆర్‌గాన్‌లో యానిమే (జపాన్ కార్టూన్) బొమ్మల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన రకం. ఇలాంటి బొమ్మలను పెద్దవి చేయడానికి 2015లో వచ్చిన వైఫు2ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ నాటి నుంచి ఈ రంగంలో జపాన్ యానిమే అభిమానుల అవసరాలే చాలా పనులను ముందుకు నడిపాయి. నల్లని గీత, ఫ్లాట్ కలర్లు, చిన్న చుక్కలు వాళ్ల బొమ్మల్లోనూ ఉంటాయి కనుక, ఆ పుణ్యాన మన నకాషీ బొమ్మ కూడా బతికిందని అనుకుంటున్నాను.

అక్కడినుంచి కొంతకాలం అన్ని బొమ్మలకూ దీన్నే వాడాను, అందరికీ ఇదే చెప్పాను. ఇప్పుడు ఆ 'అన్ని' అన్న మాటను కొంచెం కుదించుకోవాలి. గీతల బొమ్మల కోసం తయారైన మోడల్‌కు కాగితం గరుకుదనం, ఎండిన కుంచె జాడ, నీటిరంగు అంచున ఏర్పడే ముదురు చార పెద్దగా పట్టవు. అవి ఉన్న బొమ్మలకు నేను ఒక చుట్టుదారి పట్టాను. అసలు బొమ్మను బొమ్మలు వేసే క్రీటా అనే సాఫ్ట్‌వేర్‌లో, కొత్తగా ఏమీ ఊహించకుండా చుట్టుపక్కల పిక్సెళ్ల లెక్కతోనే పెద్దది చేసే మామూలు బైక్యూబిక్ పద్ధతిలో నాలుగింతలు చేసి అడుగున ఉంచుతాను, అప్‌స్కేల్ నుంచి వచ్చిన బొమ్మను దానిపై లేయరుగా పెడతాను. పై లేయరుకు మాస్కు (కొంత భాగాన్ని దాచే తెర) వేసి, ముఖాలు, చేతులు, గీతలు ఉన్నచోట పై బొమ్మను, రంగు పరుచుకున్నచోట అడుగు బొమ్మను కనబడనిస్తాను. మసకగా ఉన్నా నిజమైన రంగు జాడ, తేటగా ఉన్న కల్పిత జాడ కంటే అచ్చులో బాగుంటుందన్నది నా అభిప్రాయం. అక్షరాలను మాత్రం ఏ మోడల్‌కూ వదలను. కనీసం థ, ఠ, ధ, భలను పెద్ద సైజులో మళ్లీ చేత్తో గీసుకుంటాను. ఇదంతా గంట పని, ఒక్కోసారి పూటంతా పడుతుంది. ఒక్క నొక్కుతో పని కావాలనుకునేవారికి ఇది నచ్చకపోవచ్చు.

వేగం మాట వస్తే, అప్‌స్కేల్ గ్రాఫిక్స్ కార్డు మీద ఆధారపడి నడుస్తుంది, ఆ కార్డుతో పని చేయించుకునే వల్కన్ అనే పద్ధతిని ఆ కార్డు సపోర్టు చేయాలి. నా పాత ల్యాప్‌టాప్‌లో పెద్ద బొమ్మ ఇస్తే మే నెల మధ్యాహ్నాల్లో ఫ్యాను రొదకు పక్కగదిలో వాళ్లు కూడా తలుపు వేసుకుంటారు. సెట్టింగులలో టైల్ సైజు తగ్గిస్తే బొమ్మను చిన్న ముక్కలుగా తీసుకుని నడుస్తుంది, పని ఆలస్యమైనా మెమరీ చాలక మధ్యలో ఆగిపోదు. అంతా మన యంత్రంలోనే జరుగుతుంది కనుక, ఇంకా విడుదల కాని పుస్తకాల అట్టలను ఎవరి సర్వరుకో ఎక్కించనవసరం లేకపోవడం ప్రచురణకర్తలకు నచ్చిన విషయం. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: అప్‌స్కేల్ నుంచి నేను తీసుకునే పీఎన్‌జీ ఫైలులో సీఎంవైకే (అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతి) ఉండదు కాబట్టి అచ్చు రంగులకు మార్చుకోవడం తర్వాత విడిగా చేసుకోవాలి, అప్పుడు చెరియాల ఎరుపు కొంచెం వెలిసినట్టు కనిపిస్తే ఆ నింద పెద్దది చేసిన సాఫ్ట్‌వేర్ మీద వేయకూడదు.

ఇంత చెప్పాక, చందా మానేశానా అని అడిగితే మానలేదు. వెనుక అట్ట మీద వేయడానికి రచయితల ఫొటోలు వాట్సాప్‌లో బాగా కుదించుకుపోయి వస్తాయి, వాటి విషయంలో ఆ ఖరీదైన సాఫ్ట్‌వేర్‌దే నా దృష్టిలో ఇప్పటికీ పైచేయి. అక్కడా ముఖాలను సరిదిద్దే అంశాన్ని బాగా తగ్గించే వాడతాను, ఎందుకంటే ఎనభై దాటిన ఒక రచయిత్రి తన ఫొటో ప్రూఫు చూసి "బాబూ, ఈ ముడతలన్నీ కష్టపడి సంపాదించుకున్నవి, తిరిగి పెట్టెయ్" అన్నారు. ఫొటోలతో పనిలేకుండా నాలాగా గీత బొమ్మలు వేసేవారికి, ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డు ఉండి, ఒకటికి రెండుసార్లు అక్షరాలు చూసుకునే ఓపిక ఉంటే, ఉచితంగా దొరికేది చాలునని నా లెక్క. పత్రికకు రోజూ పదుల బొమ్మలు అందించవలసినవారి లెక్క వేరుగా ఉండవచ్చు. మంచి కార్డున్న డెస్క్‌టాప్ కొన్నాక నా లెక్క కూడా కొంత మారవచ్చు.